అవ్వ నీడలో రెండు కోసులు

చౌటుప్పల్‌లో నన్ను చూసే చర్మం డాక్టరమ్మ చిన్నపిల్ల. నా భుజం మీది మచ్చను భూతద్దం పెట్టి చూసి, ఒక ట్యూబు చేతిలో పెట్టింది. "అమ్మమ్మా, బయటికి పోయే ముందు ఇది రాసుకోవాలి. రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. నిండు చేతుల జాకెట్టు, తలకు గుడ్డ, నల్లద్దాలు. నడిపొద్దున ఎండలోకి పోనే వద్దు" అని చెప్పింది. నేను బుద్ధిమంతురాలిలా తలూపాను. ఎనభై దాటిన మనిషికి ఎండ గురించి పాఠం చెప్తోంది పాపం. ఆ ట్యూబు, నల్లద్దాలు తీసేస్తే మిగిలినదంతా మా అవ్వ చెప్పిన పాఠమే. "ఈ మచ్చ ఎప్పటిది?" అని అడిగింది. "చిన్నప్పటిది" అన్నాను. ఆమెకు ఆ జవాబు సరిపోయింది. నాకు సరిపోలేదు, ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

హుజూర్‌నగర్ దిక్కు ఒక పల్లెలో, గొర్లు కాసే ఇంట్లో పుట్టాను. మా బాపు నలుపు, అమ్మ నలుపు, బాపు తల్లి అయిన మా అవ్వ మరీ నలుపు. నేను మాత్రం తెల్లగా పుట్టాను. ఒళ్ళు, రెప్పలు, తలవెంట్రుకలు అన్నీ తెలుపే. కళ్ళు వెలుతురుకు నిలిచేవి కావు. ఒంటికి రంగు పట్టకుండా కొందరు పిల్లలు ఇలాగే పుడతారని ఇప్పుడు అందరూ చెప్తున్నారు. అప్పుడు మా ఊరు చెప్పిన కారణం వేరు. అమ్మ అందరు ఆడవాళ్ళలాగే దొర గడిలో వడ్లు దంచే వెట్టికి పోయేది. ఇంకేం కావాలి, ఊరికి నోటినిండా పని దొరికింది. అవ్వ మాత్రం ఎవరేమన్నా తలదించుకునేది కాదు. "కాకిపిల్ల కాకికి ముద్దంటరు. మా కాకి కొంగను కన్నది. అయితే ఏంది, ముద్దు తక్కువైతదా?" అని ఎదురుదెబ్బ కొట్టేది.

నాకు రెండేళ్ళప్పుడు అమ్మ నన్ను చంకనేసుకొని మధ్యాహ్నం దాకా గొర్ల వెంట తిరిగిందట. సాయంత్రానికి నా ముఖం, చేతులు ఎర్రగా వాచి, తెల్లారేసరికి బుడ్డలు లేచాయట. ఆ రోజు నుంచి నన్ను ఎండనుంచి కాపాడే పని అవ్వ చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు లేదు గానీ నా ఒంటి విషయంలో ఆమెను మించిన వైద్యుడు ఇప్పటికీ నాకు తగలలేదు. పొద్దు పొడవక ముందు ఒక గంట, పొద్దు గూకినంక ఒక గంట, ఇవి నా బయటి వేళలు. మబ్బు పట్టిన రోజున ఏమీ కాదులే అని ఒకసారి వాకిట్లో ఆడుకుంటే వీపంతా కాలింది. అప్పటి నుంచి మబ్బును కూడా నమ్మొద్దంది. మా దిక్కున నేలంతా నాపరాయి. పైనుంచి ఎండ పడకపోయినా రాయి మీది నుంచి వెలుతురు ఎగదన్నుతుందని, పందిరి కింద కూడా వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చోనిచ్చేది కాదు. మరీ తప్పనిసరి అయి బయటికి తేవాల్సి వస్తే బాపు గొంగడిని ఒక మూల మడిచి, నా తల మీదుగా మోకాళ్ళ దాకా దిగేటట్టు కప్పేవాడు. గొర్లకాపరులు వానలో వేసుకునే ముసుగు అది. వాళ్ళ వాన ముసుగును నేను ఎండకు వేసుకునేదాన్ని. లోపల ఉడికిపోయేదాన్ని, ఒళ్ళు మాత్రం కాలేది కాదు.

కాలితే ఏం చేయాలో కూడా అవ్వకు తెలుసు. మొదట చల్లటి నీళ్ళు, ఆ తర్వాత పాత నూలు చీర పేలికలను పుల్లచల్లలో ముంచి పరచడం. పేలిక వెచ్చబడగానే తీసి మరొకటి వేయడం. కలబంద కోసి లోపలి జిగురు పూయడం. బుడ్డలను గోరు తగలనిచ్చేది కాదు. నూనె పూయమని, సున్నం పెట్టమని ఊళ్ళో ఎవరైనా సలహా ఇస్తే "నీ తోలుకు పెట్టుకో పో" అనేది. గొంగడిని ఆ నాలుగు రోజులు నా దగ్గరికి రానిచ్చేది కాదు, ఉన్ని గీరుకుంటే తోలు ఊడొస్తుందని. ఉప్పేసిన జొన్న అంబలి తాగించేది. నేను ఏడిస్తే తన చేయి పక్కన పెట్టి చూపేది. "సూడు, నాది మొద్దు తోలు. గీ తోలును సూస్తే ఎండకే భయం. నా తోల్ల సగం నీకిస్త తీస్కో" అని నవ్వించేది. ఇంట్లో అందరం ఆ మాట నమ్మాము. ఎండ అంటే నా ఒక్కదాని జబ్బు. మిగతా ముగ్గురికీ ఎండ తగలదని ఎవరూ అనలేదు గానీ, అందరం అలాగే బతికాము.

ఆ రోజుల్లో నా వయసు పిల్లలు ఎవరూ నాతో ఆడింది లేదు. వాళ్ళు పగటి పిల్లలు. నేను ఇంట్లో గోడ పగులులోంచి వాళ్ళ కాళ్ళు చూసేదాన్ని. కళ్ళు సరిగా ఆనవు కాబట్టి కాళ్ళను బట్టి కాక అరుపులను బట్టి ఎవరెవరో పోల్చుకునేదాన్ని. ఎవరు గెలుస్తున్నారో తెలిసేది. గెలిచినవాళ్ళతో పాటు నేనూ లోపల చప్పట్లు కొట్టి, మళ్ళీ నాకే సిగ్గేసి ఆపేసేదాన్ని.

రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న కాలం వచ్చాక నన్ను దాచడం ఇంకా ఎక్కువైంది. ఆడపిల్ల, పైగా వంద మందిలో కంటపడే ఆడపిల్ల. బాపు ఒక అబద్ధం మొదలుపెట్టాడు. ఎవరు వచ్చి "ఇంట్ల ఎంతమంది?" అని అడిగినా "ముగ్గురం" అనేవాడు. తనూ, అమ్మా, అవ్వా. రజాకార్లకూ అదే చెప్పాడు. వాళ్ళ మీద తిరగబడ్డ కమ్యూనిస్టు దళంవాళ్ళు వచ్చి గుక్కెడు చల్ల అడిగితే వాళ్ళకూ అదే చెప్పాడు. లెక్క రాసుకునే పటేలుకూ అదే. ఊళ్ళోవాళ్ళకు నేను ఉన్న సంగతి తెలుసు, కానీ బయటివాళ్ళ ముందు వాళ్ళూ నా మాట ఎత్తేవాళ్ళు కారు. అంత మంచితనం ఊరికి ఉంది, కాదనను. బయటివాళ్ళు వాకిట్లోకి వస్తే నేను వెనక గదిలో జొన్నల పాతరలోకి దిగేదాన్ని. అది మనిషి లోతు గొయ్యి. పైన బండ, బండ మీద గడ్డి. అందులో కూర్చొని నేను లేనట్టు బాపు చెప్పే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నా కోసమే చెప్తున్నాడని తెలుసు. అయినా విన్న ప్రతిసారీ కొంచెం నిజంగానే లేకుండా పోయేదాన్ని.

పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు. ఇక పాతర అవసరం లేదనుకున్నాను. కానీ దళాలు అడవి దిక్కు ఇంకా ఉన్నాయి. వాళ్ళను వెదకడానికి మా ఊరికి రెండు కోసుల, అంటే నాలుగైదు మైళ్ళ దూరంలో మిలిట్రీ క్యాంపు పడింది. దళంవాళ్ళు గొర్లకాపరుల్లా గొంగళ్ళు కప్పుకొని తిరుగుతున్నారని ఎవరో చెప్పారట. మరుసటి ఎండాకాలం మా ఊళ్ళో డప్పు సాటింపు వేశారు. పగలు ఎవరూ తల మీదుగా గొంగడి కప్పుకోవద్దు, ముఖం దాచుకోవద్దు. రాత్రి ఎవరూ ఊరు దాటవద్దు. దాటితే కాలుస్తారు. డప్పు విని అవ్వ, "గొంగడి కూడ నేరం చేసిందా ఏంది?" అంది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

సాటింపు వేసిన వారం లోపలే మిలిట్రీవాళ్ళు మా ఇంటికి వచ్చారు. అమ్మ గొర్ల వెంట పోయింది. ఈ ఇంట్లో పగలు బయటికి రాని మనిషి ఒకరున్నారనీ, పొద్దు గూకినంకనే కనిపిస్తారనీ క్యాంపులో ఎవరో చేరవేశారు. నేను పాతరలో ఉన్నాను. తెలుగు తెలిసినవాడొకడు అడిగాడు.

"ఇంట్ల ఎంతమంది?"

"ముగ్గురం సార్."

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. నిజం చెప్తే సరిపోయే చోట కూడా బాపు నోటికి ఆ మాటే వచ్చింది. నా బిడ్డ ఉంది, ఎండకు ఓర్వదు, లోపల ఉంది అంటే అయిపోయేది. కానీ తుపాకులున్న మనుషులను చూస్తే ఆ నోరు అట్లాగే తిరిగింది.

"మరి గిన్నెలు నాలుగున్నయేంది?"

"నాలుగోది కుక్కది సార్" అన్నాడు బాపు.

"కుక్కకు చాప కూడ పరుస్తరా?"

దెబ్బల చప్పుడు విన్నాను. బాపు అరవలేదు. అరిస్తే నేను పైకి వస్తానని ఆయనకు తెలుసు. అవ్వ కాళ్ళావేళ్ళా పడింది గానీ నా మాట ఎత్తలేదు. వాళ్ళు బాపును తీసుకుపోయారు. నేను పైకి వచ్చేసరికి నా గిన్నె వాకిట్లో బోర్లా పడి ఉంది.

రెండో రోజు పొద్దున పటేలు మనిషి వచ్చి చెప్పాడు. క్యాంపులో ఉన్నవాళ్ళనందరినీ ఆ మధ్యాహ్నం లారీలో ఎక్కించి దూరం జైలుకు పంపుతారని. ఒకసారి లారీ ఎక్కితే ఎప్పుడు వస్తారో, వస్తారో రారో ఎవరికీ తెలియదు. అమ్మ కూలబడి ఏడ్చింది. నేను అవ్వ దగ్గరికి పోయి, "గా నాలుగో గిన్నె నాదని నేను పోయి చూపిస్త" అన్నాను. రాత్రి దాకా ఆగుదామంటే లారీ పోతుంది. గొంగడి కప్పుకొని పోదామంటే దోవలోనే కాలుస్తారు. ఇక మిగిలింది పట్టపగలు, ముఖం కనపడేటట్టు నడవడం. అవ్వ తన పాత చీర చింపి నా నెత్తికి చుట్టింది. నాకు పొట్టి చేతుల రవికె ఒక్కటే ఉంది. పగలు తిరగని పిల్లకు ఇంకో రకం రవికె ఎవరు కుట్టిస్తారు? దారిలో నాకు పట్టడానికి చిన్న ముంతలో చల్ల పోసుకుంది. అమ్మను గొర్ల దగ్గర ఉండమంది. "ఇద్దరు ఆడోళ్ళు చాలు" అంది.

క్యాంపు తూర్పు దిక్కు. పొద్దు ఎదురుగా ఉంది. అవ్వ ముందు నడుస్తూ, "నా నీడల నడువు బిడ్డా. పక్కకు పోకు" అంది. ఆమె ఎత్తైన మనిషి. కొంగును రెండు చేతులతో పైకి పట్టి చాపింది, నీడ ఇంకా వెడల్పు కావాలని. నేను తల వంచుకొని ఆ నల్లటి నేల ముక్కలో అడుగులు వేశాను. పగటి పూట ఊరు దాటడం నాకు అదే మొదలు. భయంగా ఉంది, అయినా దోవ పక్కన తుమ్మచెట్టు పూలు పసుపుపచ్చగా ఉంటాయని అప్పుడే చూశాను. నేను వాటిని చీకటిపడ్డాక చూసి బూడిద రంగు అనుకున్నాను. అవ్వకు చెబితే నవ్వింది. చేతులు మాత్రం దించలేదు.

పొద్దు ఎక్కిన కొద్దీ నీడ కురచ కాసాగింది. మొదట నా తల బయటపడింది, తర్వాత భుజాలు, తర్వాత నడుము. నేను అవ్వ వీపుకు అంటుకుపోయి నడిచాను. సగం దూరంలో నాపబండల మీదికి వచ్చేసరికి ఆమె నీడ ఆమె కాళ్ళ కిందికే పోయింది, నాకు మిగల్లేదు. చల్ల రెండుసార్లు ఆగి నాకే పట్టింది. "నువ్వు తాగు" అంటే, "నాకెందుకే, నాది మొద్దు తోలు" అంది. నేను తాగేశాను. ముంత ఖాళీ చేసింది నేనే.

క్యాంపులో మనుషులను ఒక పెద్ద బండ మీద వరసగా కూర్చోబెట్టారు. లారీ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. నాకు ముఖాలు ఆనలేదు. "బాపూ" అని పిలిచాను. ఒక తల లేచి మళ్ళీ వంగింది. దొర లాంటి మిలిట్రీ అధికారి వచ్చాడు. తెలుగు తెలిసినవాడు అవ్వ చెప్పిందంతా ఆయనకు చెప్పాడు. ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగి, బాపును లేపి అడిగించాడు.

"గీ పిల్ల నీ బిడ్డేనా?"

బాపు నా వైపు చూడలేదు. "కాదు సార్. నాకు పిల్లల్లేరు" అన్నాడు.

పాతరలో విన్నప్పుడు చీకట్లో విన్నాను. ఇప్పుడు వెలుతురులో, నా ఎదురుగా విన్నాను. నన్ను తుపాకుల మధ్య చూసి ఆయన పైప్రాణాలు పైనే పోయి ఉంటాయి, నన్ను ఎట్లాగైనా అక్కడి నుంచి పంపెయ్యాలనుకొని ఉంటాడు. ఇది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఈ లోకంలో నాకంటూ ఎవరూ లేరనిపించింది. అంత ఒంటరితనం నేను మళ్ళీ ఎన్నడూ ఎరగను. అధికారి చేయి ఊపి, నన్ను అక్కడే నిలబడమన్నాడు. నిలబడ్డాను. భుజాల్లో మంట మొదలై, సలుపుగా మారి, చివరికి నా భుజాలు నావి కానట్టు అయ్యాయి. అవ్వ క్యాంపు గోడ దగ్గర కూలబడి, "పిల్లను నీడకు తోలుండ్రి, పిల్లను నీడకు తోలుండ్రి" అంటూనే ఉంది.

అప్పుడు బాపు తలెత్తి చూశాడు. చూసినవాడు నా భుజాలు చూశాడు. ఆయన చేయి తనంతట తానే నెత్తి మీదికి పోయింది. తలరుమాలు విప్పి, రెండంగల్లో వచ్చి నా మీద కప్పాడు. తుపాకీ అడ్డం పెట్టినా ఆగలేదు. నాకూ పొద్దుకూ మధ్య వచ్చి నిలబడి, "కాలిపోతది సార్, జర నీడకు పోనియ్యండ్రి. తర్వాత నన్నేమన్న చేసుకోండ్రి" అన్నాడు. అధికారి ఇద్దరినీ చూశాడు. ఏమనుకున్నాడో, బాపును విడిచిపెట్టమన్నాడు. నోరు కాదన్నదాన్ని చేయి ఔనని చెప్పింది.

క్యాంపు కాంపౌండరు మంచివాడు. నన్ను గుడారం నీడలో కూర్చోబెట్టి నీళ్ళు కుమ్మరించి, తడిగుడ్డలు వేసి, బుడ్డలు చిదపవద్దని, నీళ్ళు బాగా తాగించమని చెప్పాడు. అవ్వ ఇన్నేళ్ళూ చేసిందే చెప్పాడు. బాపు నా పక్కనే ఉన్నాడు. అవ్వ బయట గోడకు ఆనుకొని ఉంది. ఆమెకు ఎవరూ నీళ్ళివ్వలేదు. ఆమె అడగలేదు, మాకు తోచలేదు.

పొద్దు వాలాక బాపు నన్ను ఎత్తుకొని నడిచాడు. అవ్వ వెనక వచ్చింది. ఎప్పుడూ మాట్లాడే మనిషి ఆ దోవంతా మాట్లాడలేదు. అలసిపోయింది అనుకున్నాం. ఇంటికి వచ్చాక అమ్మను చేయనివ్వకుండా తనే పేలికలు చల్లలో ముంచి నా భుజాల మీద వేసింది. ఆమె చేతులు నిప్పులా తగిలాయి. నా ఒళ్ళు కాలింది కాబట్టి ఏది తగిలినా వేడిగానే ఉంటుందని అనుకొని, "అవ్వా, నీ చేతులు తియ్యి, మండుతున్నయ్" అన్నాను. తీసేసి పక్కకు పోయి పడుకుంది.

తెల్లారి లేపితే లేవలేదు. ఒళ్ళు కాలుతోంది, చెమట చుక్క లేదు. ఏవేవో మాటలు, మధ్యలో "నా నీడల నడువు" అని. బాపు వడదెబ్బ అన్నాడు. ఆ మాట మా ఇంట్లో అప్పటిదాకా ఎవరి గురించీ అనలేదు. నా పేలికలన్నీ తీసి అవ్వ మీద వేశారు, నా చల్లంతా ఆమె నోట్లో పోశారు, మింగలేదు. నడిపొద్దు కాకముందే పోయింది. ఆ సాయంత్రమే మట్టి చేశారు, పొద్దు ఇంకా ఉండగానే. నేను పోలేకపోయాను. వెనక గదిలో ఒక్కదాన్నే బోర్లా పడుకొని, గోడ పగులులోంచి ఆమెను మోసుకుపోయే కాళ్ళు చూశాను. నల్ల తోలుకు కూడా ఎండ తగులుతుందని ఒక్కరికీ తట్టకపోవడం మా ఇంటి తప్పు. ఆ ఇంట్లో ఎండ సంగతి అందరికన్నా ఎక్కువ తెలిసినదాన్ని నేను. తప్పులో పెద్ద పాలు నాదే.

బుడ్డలు మానాయి. ఎడమ భుజం మీద ఒక మచ్చ మిగిలింది. చదువు నీడలో కూర్చొని చేసే పని కాబట్టి, తర్వాతి రోజుల్లో పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకొని అది నేర్చుకున్నాను. కానీ చెప్పాల్సింది అది కాదు.

రెండేళ్ళు తిరగకముందే జనాభా లెక్కలు రాసేవాడు వచ్చాడు. సాయంత్రం వేళ. నేను అలవాటు కొద్దీ వెనక గదిలోకి జరిగాను. వాకిట్లో అతను అడగడం వినిపించింది.

"ఇంట్ల ఎంతమంది?"

"ముగ్గురం" అన్నాడు బాపు.

నా కాళ్ళు వాటంతట అవే పాతర వైపు తిరిగాయి. మళ్ళీ అదే మాట. ఇంత జరిగాక కూడా.

"పేర్లు చెప్పు" అన్నాడతను.

బాపు తన పేరు చెప్పాడు. అమ్మ పేరు చెప్పాడు. ఆ తర్వాత లోపలికి తిరిగి, ఊరంతా వినేటట్టు నన్ను పేరు పెట్టి పిలిచాడు. "బయటికి రా బిడ్డా. నిన్ను రాసుకుంటడంట."

అప్పుడు లెక్క పెట్టుకున్నాను. నేనూ ఉన్నాను. అయినా ముగ్గురమే.